భోషాణము నుండి పాత కంప్యూటరు వరకు

వెనుకటి కాలమున కలిగినవారి యింట భోషాణమను పెద్ద కొయ్యపెట్టె యొకటి ఉండెడిది. భూముల పట్టాలు, క్రయ దస్తావేజులు, జాతకములు, తాతల నాటి తాళపత్ర గ్రంథములు అన్నియు అందులోనే భద్రము. దాని తాళపుచెవి ఇంటి పెద్ద మొలత్రాటికో, ఇల్లాలి కొంగుకో వ్రేలాడుచుండెడిది. ఏ కాగితము కావలసివచ్చినను ఎక్కడ వెదకవలెనో ఇంటిల్లపాదికిని తెలిసియుండెడిది.

నేటి మన యింటి భోషాణ మెక్కడ ఉన్నది? అమ్మాయి పెండ్లి ఛాయాచిత్రములు ఒకరి సెల్‌ఫోనులో ఉన్నవి. తాతగారి కంఠధ్వని మరియొకరి ఫోనులో ఉన్నది. పొలము కాగితముల నకళ్ళు ఎవరో ఎవరికో పంపిన సందేశముల నడుమ ఎక్కడో చిక్కుకొని ఉన్నవి. ఫోను నీట పడినను, చోటు చాలక చెరిపివేసినను, అంతటితో అవి పోయినట్లే. అయితే అదే యింట అటకమీదనో, మంచము క్రిందనో పాత కంప్యూటరొకటి దుమ్ముకొట్టుకొని పడియుండుటయు సాధారణమే. ఆ పాత యంత్రమునే ఇంటివారందరకు ఉమ్మడి భోషాణముగ మార్చుకొనవచ్చును. దీనినే ఇంటి నిల్వ సర్వరు అందురు. సర్వరు అనగా అడిగినవారికి అడిగిన దానిని అందించు యంత్రమని మాత్రమే అర్థము. ఈ ఏర్పాటునకు దారితీసిన చరిత్ర ఏమి, గోదావరి తీరమున పోలవరము ప్రాంతమువారికి దీని అవసర మేమి అను విషయములను ఈ ప్రసంగమున ముచ్చటింతుము.

పదార్థమును భద్రపరచుట మనకు కొత్తవిద్య కాదు. ప్రతి గ్రామమునకును ఒక భోషాణము ఉండెడిది. అది కరణముగారి యింటిలోని కవిలెకట్ట. ఏ భూమి ఎవరిది, శిస్తు ఎంత, గుడిమాన్యము ఎంత, చెరువు ఎవరు త్రవ్వించిరి అను విషయములు తాటాకులపై వ్రాసి కట్టలు కట్టి ఉంచెడివారు. గ్రామ చరిత్రను కూడ చెప్పు కవిలెలకు దండకవిలెలని పేరు. ఆ పద్ధతిలో ఒక గుణము, ఒక దోషము కలవు. సమస్తమును ఒక్కచోట దొరకుట గుణము. ఆ ఒక్కచోటనే ఉండుట దోషము. కరణముగారి యింటికి నిప్పంటుకొన్నను, ఏరు పొంగినను, చెదలు పట్టినను ఊరి జ్ఞాపకమంతయు ఒక్క దినమున మాసిపోయెడిది. 1984లో ఆంధ్రప్రదేశమున కరణపు ఉద్యోగమే రద్దయినది. కాని ఆ గుణదోషములు రెండును నేటి కంప్యూటరు నిల్వకును అట్లే వర్తించును.

ఈ దోషమునకు విరుగుడేమో మన చరిత్రయే చూపినది. కల్నల్ కాలిన్ మెకంజీ యను సర్వేయరు దక్షిణదేశమంతట గ్రామ వృత్తాంతములను సేకరింపించెను. ఆ పనిలో ఆయనకు కుడిభుజమైనవారు మన ఏలూరువారైన కావలి సోదరులు. పెద్దవాడైన వెంకట బొర్రయ్య 1803లో చనిపోగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. వీరు ఊరూర తిరిగి కరణములను, పెద్దలను విచారించి వ్రాయించినవే కైఫీయతులు. 1821లో మెకంజీ మరణించెను. ఆ సంపుటములలో కొన్ని చెన్నపట్టణమున శిథిలమగుచుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర పండితులను, లేఖకులను కూర్చి వాటికి కొత్త ప్రతులు వ్రాయించెను. అవియే నేడు లోకల్ రికార్డులని పేరొందినవి. మూల కవిలెలు మట్టిలో కలిసిపోయిన ఎన్నియో ఊళ్ళకు ఈ ప్రతులే దిక్కైనవి.

ఇందుండి మనము గ్రహింపవలసినది ఒక్కటే. పదార్థమును కాపాడినది గట్టిపెట్టె కాదు, మరియొక ప్రతి. తాటాకు జీర్ణించుటకు ముందే కొత్త ఆకుపై ఎక్కించుకొనిన గ్రంథము బ్రతికినది. ఎక్కించుకొనని గ్రంథము పేరుమాత్రమే మిగిలినది.

తాటాకు పోయి కాగితము వచ్చినది. కాగితము ప్రక్కన నేడు అయస్కాంతపు పళ్ళెము వచ్చి నిలిచినది. 1956లో అమెరికాలోని ఐబిఎం సంస్థ రామాక్ అను యంత్రమును ప్రకటించెను. రెండేసి అడుగుల వ్యాసముగల 50 పళ్ళెములు ఒక ఇరుసుపై గిరగిర తిరుగుచుండ, వాటిపై అయస్కాంత శక్తితో అక్షరములు లిఖింపబడెడివి. టన్నుకు మించిన బరువుగల ఆ బీరువా ఇముడ్చుకొనినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రములు రెండు మూడింటికి ఆ స్థలము సరిపోవును. ఇప్పుడు అంగడిలో దొరకు ఒక టెరాబైటు హార్డ్‌డిస్కు అరచేతిలో ఇముడును. అందు 2 లక్షల రామాక్ యంత్రముల పదార్థము పట్టును. ఒక్కొక్క కాగితపు చిత్రము రెండేసి మెగాబైట్లు అనుకొన్నచో 5 లక్షల పుటలు. ఒక కుటుంబమునకే గాదు, ఒక గ్రామమునకును అది విశాలమైన భోషాణమే.

నిల్వచేయుట ఒక యెత్తు, పదిమంది పంచుకొనుట మరియొక యెత్తు. 1973లో జెరాక్స్ సంస్థ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ అను శాస్త్రజ్ఞుడు ఈథర్‌నెట్ అను తీగపద్ధతిని రూపొందించెను. ఒకే తీగపై పలు యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుటకు అది దారి చూపినది. అటుపిమ్మట ఒక యంత్రములోని ఫైళ్ళను ఇతర యంత్రములు తమవే యన్నట్లు తెరచుకొను ఏర్పాట్లు వచ్చినవి. 1984లో సన్ సంస్థ వెలువరించిన ఎన్ఎఫ్ఎస్ పద్ధతి అట్టిదే. కాని ఇవియన్నియు పెద్ద కార్యాలయములకు, విశ్వవిద్యాలయములకు అందు వస్తువులు. సామాన్య గృహస్థుని గడపకు అవి వచ్చుటకు మరికొంత కాలము పట్టినది.

ఆ గడపకు దారి వేసినవారు వర్తకులు కారు, విద్యార్థులు. 1991లో ఫిన్లండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి లినక్సు అను నిర్వాహక వ్యవస్థకు బీజము వేసి, దానిని లోకమునకు ఉచితముగ విడిచెను. ఆ దినములలోనే ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అను పరిశోధక విద్యార్థి మరియొక సాధనమును తయారుచేసెను. భిన్నజాతుల కంప్యూటర్లు ఒకదాని ఫైళ్ళు మరియొకటి చదువుకొనుటకు వీలుకల్పించు ఆ సాధనమే సాంబా యను పేరుతో ప్రసిద్ధమైనది. 2005లో ఫ్రాన్సు దేశపు ఒలివియే కొషార్ లాబే ఫ్రీనాస్ అను ఉచిత వ్యవస్థను వెలువరించెను. పాత కంప్యూటరును నిల్వ సర్వరుగ మార్చుటకే అది ఉద్దేశింపబడినది. 2011లో జర్మనీ దేశమునుండి ఓపెన్ మీడియా వాల్ట్ అను మరియొకటి వచ్చినది. వేల రూపాయలు పోసి కొనవలసిన యంత్రము చేయు పనిని అటకమీది డబ్బా చేయగలుగుట ఇట్టివారి ఔదార్యము వలన సాధ్యమైనది.

ఈ విషయమునకు మరియొక సమయస్ఫూర్తి కలదు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థ తన సాధారణ పోషణను నిలిపివేసినది. కొత్త విండోస్ వ్యవస్థకు తగని కంప్యూటర్లు అసంఖ్యాకములు. ఇనుము పాడైపోక, వేగము మాత్రము కాలమునకు వెనుకబడిన ఈ యంత్రములు పాతసామానుల బండికి పోవలసినవేనా? బొమ్మల ఆటలకు చాలని యంత్రము ఫైళ్ళ కాపలాకు చక్కగ చాలును. ముసలి ఎద్దు కాడికి పనికిరాకపోవచ్చును గాని గానుగకు పనికివచ్చును గదా!

ఇక దీనిని సిద్ధపరచు విధము. మొదట పాత కంప్యూటరును విప్పి, దుమ్ము దులిపి, గాలిమర సరిగ తిరుగుచున్నదో లేదో చూడవలెను. అది 64 బిట్ల యంత్రమై యుండవలెను. 2025లో వెలువడిన డెబియన్ లినక్సు పదుమూడవ కూర్పు పాత 32 బిట్ల యంత్రములలో నేరుగ నెలకొల్పుటకు వీలుకాదు. లోపలి పాత డిస్కును మాత్రము నమ్మరాదు. ఎన్ని యేండ్లుగ తిరిగినదో తెలియని పళ్ళెముపై ఇంటి చరిత్రను ఉంచుట పాత గోడపై కొత్త మేడ కట్టుటవంటిది. ఖర్చు పెట్టవలసిన చోటు ఇదియే: కొత్త హార్డ్‌డిస్కులు రెండు కొనవలెను. ఉచిత వ్యవస్థను చిన్న డిస్కుపై నెలకొల్పి, ఇంటిలోని రౌటరుకు తీగతో కలిపినచో, ఇంటివారి ఫోనులు, కంప్యూటర్లు అన్నియు వైఫై ద్వారా దానిని చేరగలవు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు, సంకేతపదము ఏర్పరుపవలెను. పొలము కాగితములున్న అరను పెద్దలు మాత్రమే మార్చగలుగునట్లును, ఛాయాచిత్రముల అరను పిల్లలును చూడగలుగునట్లును అమర్చవచ్చును. బయటి ఇంటర్‌నెట్టునకు దీని తలుపు తెరువకుండుట క్షేమము.

కరెంటు ఖర్చును గూర్చి శంక కలుగవచ్చును. ఇట్టి యంత్రము 50 వాట్లు వాడునని అనుకొన్నచో, రేయింబవళ్ళు నడచినపుడు దినమునకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు అగును. సాయంకాలము నాలుగు గంటలు మాత్రమే నడుపుకొన్నచో నెలకు ఆరు యూనిట్లే. ఓల్టేజి హెచ్చుతగ్గులు, హఠాత్తుగ కరెంటు పోవుట డిస్కులకు శత్రువులు. కనుక చిన్న యూపీఎస్ ఒకటి అవసరము.

ఇక్కడ ఒక భ్రమను తొలగింపవలసియున్నది. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను ముగ్గురు పండితులు పలు డిస్కులను జతకూర్చు పద్ధతులను వివరించుచు ఒక పత్రమును ప్రకటించిరి. రైడ్ అను ఆ పద్ధతిలో ఒక డిస్కులో వ్రాసినది జతడిస్కులోను వెంటనే వ్రాయబడునట్లు చేయవచ్చును. ఒకటి చెడినను రెండవది నిలుచును. ఇది మేలైనదే. కాని రెండు డిస్కులును ఒకే డబ్బాలో ఉన్నవని మరువరాదు. పొరపాటున ఒక ఫైలును చెరిపినచో రెండింటను చెరుగును. దొంగ ఎత్తుకొనిపోయినచో రెండును పోవును. నీరు ఇంటిలోనికి వచ్చినచో రెండును మునుగును. అద్దములో కనబడు ప్రతిబింబము ప్రతి కాదు. కావుననే తెలిసినవారు మూడు, రెండు, ఒకటి అను లెక్కను చెప్పుదురు. ప్రతులు మూడు ఉండవలెను, అవి రెండు రకముల సాధనములపై ఉండవలెను, అందొకటి వేరొక ఊర ఉండవలెను. బ్రౌను దొర లేఖకులచే చేయించిన పని సారాంశమున ఇదియే.

పెద్ద సంస్థలు ఉన్నవిగదా, అవి దాచవా యని ఎవరైన అడుగవచ్చును. ఆచార్య రాజ్ రెడ్డిగారి ప్రోత్సాహమున ఆరంభమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఈ శతాబ్దము ఆరంభమున వేలాది తెలుగు పుస్తకములను చిత్రములుగ మార్చి ఇంటర్‌నెట్టులో ఉంచినది. దొరకవనుకొన్న పుస్తకములు మారుమూల పాఠకునికి ఉచితముగ లభించినవి. కొన్ని యేండ్లకు ఆ వేదిక మూతబడినది. అంతకు పూర్వమే కొందరు ఆ పుస్తకములకు ప్రతులు తీసి అమెరికాలోని ఇంటర్‌నెట్ ఆర్కైవునకు ఎక్కించియుండుటచే ఆ సంపద నేటికిని మనకు దక్కియున్నది. ఆ ఆర్కైవు సైతము 2024 అక్టోబరులో దుండగుల దాడికి లోనై కొన్ని దినములు స్తంభించినది. ఎంతటి కోటకైనను ఒక మూతపడు దినము ఉండును.

రేడియోవారమగు మాకు ఈ సత్యము మరింత సన్నిహితమైనది. టేపు ఖరీదైన కాలమున ప్రసారమైన దానిని చెరిపి, దానిపైననే మరియొక కార్యక్రమమును రికార్డు చేయుట లోకమంతట వాడుకగా ఉండెడిది. బిబిసి వారి డాక్టర్ హూ అను టెలివిజన్ నాటకమున 1960వ దశకమునాటి పలు భాగములు అట్లే నశించినవి. కాని ఆ దినములలో కొందరు ప్రేక్షకులు తమ యింటి టేపు యంత్రములతో ధ్వనిని పట్టియుంచిరి. బొమ్మ పోయిన భాగములకు కూడ ధ్వని నేడు మిగిలియుండుట ఆ గృహస్థుల చలవయే. సంస్థ పోగొట్టుకొనినది ఇల్లు కాపాడినది.

ఇక పోలవరమును గూర్చి. గోదావరి కుడిగట్టున, ధవళేశ్వరపు ఆనకట్టకు సుమారు 42 కిలోమీటర్ల ఎగువన ఉన్న ఈ ఊరు పాపికొండల నడుమనుండి నది మైదానములోనికి వెలువడు చోటు. ఈ తీరమువారికి నీరు అన్నదాతయు, శత్రువును. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నది 75 అడుగులు దాటినది. 2022 జూలైలో మరల 71 అడుగులు మించినది. అట్టి దినములలో పిల్లలను, పశువులను గట్టెక్కించుటయే గగనము. పెట్టెలోని కాగితములను తలచుకొనువా రెవరు?

ఇంతకన్న పెద్ద మార్పు జలాశయము వలన వచ్చుచున్నది. 2014లో పోలవరము జాతీయ ప్రాజెక్టుగ ప్రకటింపబడినది. పూర్తి మట్టము 45.72 మీటర్లకు నీరు నిలిచిన నాడు 370కి పైగా ఆవాసములు ముంపున పడును. ఇండ్లు వదలవలసిన కుటుంబములు సుమారు ఒక లక్ష. వారిలో కోయలు, కొండరెడ్లు అధికసంఖ్యాకులు. ప్రాజెక్టు వలన కలుగు లాభనష్టముల చర్చ ఈ ప్రసంగపు పరిధిలోనిది కాదు. మేము చెప్పదలచినది ఇంతమాత్రమే: వరద తీసిన పిమ్మట ఊరు మరల తేలును, జలాశయము క్రిందికి పోయిన ఊరు తేలదు. అప్పుడు ఆ ఊరికి మిగులునది దానిని గూర్చిన ప్రతి మాత్రమే.

అది భావుకత కొరకు మాత్రమే చెప్పుమాట కాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద హక్కును కోరువారు 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి ఆ భూమి తమ స్వాధీనమున ఉన్నట్లు చూపవలెను. అందుకు పాత కాగితములే కాక, హక్కుదారులు కాని పెద్దల వాఙ్మూలమును వ్రాతపూర్వకముగ ఉంచినదియు సాక్ష్యముగ అంగీకరింపబడును. పునరావాసపు జాబితాలో పేరు, పరిహారపు ఉత్తరువు, ఇంటి కొలతల పత్రము, పాత పన్ను రసీదు, ఇవి ఒక కుటుంబమునకు ఎన్నియేండ్ల పిమ్మటనైనను అవసరము కావచ్చును. నకలు మూలపత్రమునకు సాటి కాదు. మూలమును జాగ్రత్తపెట్టవలసినదే. కాని మూలము నీటిపాలైన నాడు దాని సంఖ్య, తేదీ, సంతకమువారి హోదా తెలిసినచో కార్యాలయమున మరియొక ప్రతిని అడుగుటకు ఆధారము దొరకును. తెలియనిచో ఏమని అడుగుదురు?

ఒక ఊరివారు రెండు మూడు కాలనీలకు చెదరిపోయినపుడు ఊరి చావడి ఉండదు. కలిసి వెదకుకొనుటకు కరణముగారి కవిలె ఉండదు. అట్టి కాలనీలో ఒక బడిపంతులుగారి యింటనో, చదువుకొనిన యువకుని యింటనో ఒక పాత కంప్యూటరును నిల్వ సర్వరుగ నిలిపి, ఊరివారి అనుమతితో కాగితముల చిత్రములు, గుడి, చెట్టు, రేవు, పండుగల ఛాయాచిత్రములు, వృద్ధుల నోట కోయభాషలోని కథలు, పాటలు చేర్చియుంచుట అసాధ్యము కాదు. దానికొక ప్రతి రాజమహేంద్రవరమునందలి బంధువు నింటను, మరియొకటి హైదరాబాదుననో, అమెరికాలోనో ఉన్న కుమారుని వద్దను ఉన్నచో ఏ వరదయు ఆ మూటిని ఒక్కసారి ముట్టలేదు. ఒకరి కాగితములు మరియొకరికి కనబడకుండ అరలు వేరుచేయుట మాత్రము మరువరాని ధర్మము.

దాచినది రేపటివారు చదువగలుగవలెనను జాగ్రత్తయు అవసరము. 1991 నుండియు తెలుగు లిపికి యూనికోడు అను సార్వత్రిక సంకేతావళిలో స్థానమున్నది. అయినను చాలకాలము మన అచ్చుకూటములలో అను లిపులవంటి ప్రత్యేక సంకేతములే రాజ్యమేలినవి. ఆ లిపులతో వ్రాసిన ఫైలు ఆ లిపి లేని యంత్రమున తెరచినచో అర్థములేని గుర్తుల గుంపుగ కనబడును. కవిలె ఉన్నది గాని చదువువారు లేనట్లయినది. కనుక వ్రాతలను యూనికోడులోనికి మార్చి, చిత్రములను సర్వసాధారణమైన రూపములలో ఉంచి, ఏ చిత్రము ఎవరిది, ఏ యేటిది యని ఫైలు పేరులోనే వ్రాయవలెను. పేరులేని ఛాయాచిత్రము ఒక తరము దాటినచో అపరిచితుని ముఖమే.

హార్డ్‌డిస్కు తాటాకువలె శతాబ్దములు నిలుచునది కాదు. అయిదారేండ్లకొకసారి కొత్తదానిపైకి ఎక్కించుకొనుట మంచిది. ఆరునెలలకొకసారి దూరపు ప్రతిని తెరచి, ఫైళ్ళు నిజముగ తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. వెనుక లేఖకుడు జీవితకాలమున కొన్ని గ్రంథములకు ప్రతులు వ్రాసెడివాడు. నేడు అదే పని ఒక రాత్రిలో యంత్రము చేయుచున్నది. కాని చేయింపుమని తలచు మనుష్యుడు మాత్రము అప్పుడును, ఇప్పుడును ఒక్కడు కావలెను. ఈ వేసవి సెలవులలో పిల్లలు ఇంటికి చేరినపుడు శ్రోతలు అటకపై కంప్యూటరును దింపించి, తమ యింట ఆ ఒక్కడు ఎవరో నిర్ణయించుకొందురుగాక.